స్కేలు లేని వైపు

జూన్ 3, మంగళవారం

ఏమే పొడుగూ, ఎలా ఉన్నావ్? జవాబు ఇంత ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. అత్తయ్య మోకాళ్లు, మా ఆయన వ్యాను రిపేరు, ఇంటి పని, వీటితోనే సరిపోతోంది. నీ మెసేజ్ చూశాను. "షాపు తీసుకున్నా, వచ్చి చూడవే బుల్లీ" అని పెట్టావు. చాలా సంతోషం. నిజంగా చాలా చాలా సంతోషం. నువ్వు ఎప్పుడూ

ఇది పంపను. రెండు ముక్కల్లో మూడు 'చాలా'లు పడ్డాయి. చదివితే అది ఇట్టే పట్టేస్తుంది.

పంపనప్పుడు ఇంక మర్యాదలు దేనికి? ఫోన్లోనే ఓ మూలన రాసి పెట్టుకుంటాను. మా ఆయన ఫోన్ తీస్తే ఆటలాడటానికే గానీ చదవడానికి కాదు. అత్తయ్యకి కళ్లజోడు పెట్టినా ఇంత చిన్న అక్షరాలు ఆనవు.

పెద్ద కర్టెన్ల షాపు వెనకాల కుట్టుగదిలో అదీ నేనూ పదకొండేళ్లు పక్కపక్కన కూర్చున్నాం. ఇళ్లకెళ్లి కిటికీలు కొలిచేది నేను. గుడ్డ కోసి కుట్టేది అది. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని ఎన్నిసార్లు అనుకున్నామో, ఎప్పటికైనా మనిద్దరం కలిసి సొంత షాపు పెట్టుకోవాలని. బోర్డు నీలం రంగు ఉండాలని కూడా తేల్చేశాం. మొన్న ఓనరు కుట్టుగది మూసేసి మమ్మల్ని ఇంటికి పంపేశాక, ఇంకేముంది, పెట్టేస్తామనుకున్నా.

పెట్టేసింది. అదొక్కతే.

షాపులు చూద్దాం రమ్మని నన్ను పిలిచిన మాట నిజమే. రెండు మూడు సార్లు పిలిచింది. ఆగవే, అత్తయ్య ఆపరేషన్ అవ్వనీ అన్నాను. ఆగవే, వ్యాను బాగవ్వనీ అన్నాను. ఆగమన్నానే గానీ, నన్నొదిలేసి పొమ్మన్నానా?

జూన్ 5

బస్టాప్‌లో నిలబడి చూశాను దాని షాపు. బస్సు కోసమే నిలబడ్డాను. మూడు బస్సులు వెళ్లిపోయాయి, అది వేరే సంగతి.

బోర్డు నీలం. నీలం అన్నది నేను! అది పసుపు అంది, నేనే మాన్పించాను, దుమ్ము పడితే పసుపు పాచిపోయినట్టు ఉంటుందని.

లోపల అద్దాల బీరువా, గోడకి వరసగా తానులు, మధ్యలో కొత్త బల్ల. మంచం కంటే పెద్దది. బల్ల అంచున ఈ చివర నుంచి ఆ చివర దాకా స్టీలు స్కేలు దిగ్గొట్టించింది. గుడ్డ పరిచి, అంకె చూసి, కత్తెర వెయ్యడమే. స్కేలు మాత్రం ఒక పక్కే. రెండో పక్క బోడిగా వదిలేసింది. పిసినారి ఎక్కడికి పోతుంది?

అయినా దాన్ననాలి. ఇన్నేళ్లలో సొంతంగా ఒక్క టేపు కొనుక్కోని మనిషి. నేను ఎండలో పడి కిటికీలు కొలిచి వచ్చి, ఇంకా గ్లాసుడు మంచినీళ్లు తాగకముందే, "బుల్లీ, టేపు ఇలా పడెయ్" అని నా మెళ్లోంచి లాక్కునేది. నాన్న టేపు అది. నాన్న బట్టలు కుడుతూ ముప్పై ఏళ్లు మెళ్లో వేసుకున్న టేపు. గోడకి ఇంకో రెండు టేపులు వేలాడుతున్నా దానికి నాదే కావాలి. కోసినంతసేపూ దాని దగ్గరే ఉంచుకునేది. అలాంటిది, ఇప్పుడు స్టీలు స్కేలట!

జూన్ 6

నాకేం కుళ్లు లేదు.

జూన్ 9

మా ఆయనతో చెప్పేశాను, నేనూ పెడుతున్నానని.

"ఏం పెడుతున్నావు?"

"షాపు."

"ఎక్కడ?"

చెప్పాను. వ్యాను తాళాలు చేతిలో తిప్పుతూ నా వంక చూశాడు. "దాని షాపుకి ఎదురుగానా?"

"ఏం, ఆ వీధి దాని పేరున రాసిచ్చారా? ఖాళీగా ఉన్నది అదొక్కటే."

"వెనక వీధిలో ఇంకోటి ఉంది కదోయ్. అద్దె తక్కువ, చోటూ ఎక్కువ. నిన్న నువ్వే చెప్పావు."

"అక్కడ వెలుతురు లేదు."

ఉంది. కానీ అక్కడ్నుంచి దాని షాపు కనిపించదు.

అత్తయ్య వంటింట్లోంచే అందుకుంది. "ఆ పొడుగమ్మాయితో కలిసి పెడితే సరిపోయేది కదమ్మా. ఎంత కలుపుగోలు మనిషో. నా ఆపరేషన్ అప్పుడు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది."

వచ్చిందట. నాకెవరూ చెప్పలేదు. నేను మందులకని, వ్యాను రిపేరుకని ఊరంతా తిరుగుతుంటే అది నా ఇంటికొచ్చి నా అత్తగారిని బుట్టలో వేసుకుంది.

జూన్ 16, సోమవారం

తెరిచాను. చిన్న గది. నా మిషను, నాలుగు తానులు, అత్తయ్యకో స్టూలు. "ఇంట్లో కూర్చుంటే మాత్రం మోకాళ్లు తగ్గుతాయా" అని తనూ వచ్చేసింది. రోడ్డున పోయేవాళ్లందరినీ పలకరిస్తోంది, బోర్డు కంటే ఆవిడే నయం.

పొద్దున్నే పొడుగు రోడ్డు దాటి వచ్చింది. గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"మెసేజ్ చూశావా?"

"చూశానే. తీరిక లేక."

"ఊఁ." నా బోర్డు వంక చూసింది. నాదీ నీలమే మరి, ఇంకేం రంగు వేస్తాను? "బాగుంది" అని వెళ్లిపోయింది. అలాంటి 'బాగుంది' నేనూ అనగలను.

జూన్ 18

మొదటి బేరం! మేడ మీద ఉండే టీచరమ్మ, రెండు కిటికీలు. నాన్న టేపుతో కొలిచాను, బల్ల లేదు కనుక నేల మీదే గుడ్డ పరిచి అదే టేపు పెట్టి కోశాను. మోకాళ్లు పట్టేశాయి గానీ, తగిలించాక చూడాలి! గచ్చుకి వెంట్రుకవాసి పైన, గీత గీసినట్టు. టీచరమ్మ చప్పట్లు కొట్టింది.

కోత దాని పని, కొలత నా పని అనుకునేవాళ్లు అందరూ. కోత ఏమంత బ్రహ్మవిద్య కాదు. నాకూ వచ్చు.

జూన్ 20

అంతకు ముందు వచ్చినావిడే దాని షాపుకి మళ్లీ వచ్చింది. ఆకుపచ్చ గొడుగావిడ. ఈ వారంలో మూడోసారి! చేతిలో సంచి. లోపల చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత ఎర్ర స్కూటరాయన, ఆయనా రెండోసారి. ఆయనకీ సంచే.

నా దగ్గరికి వచ్చినవాళ్లు ఒకసారి వచ్చి కర్టెన్లు తీసుకుపోతే మళ్లీ మొహం చూపించరు. దాని దగ్గరికి మాత్రం వచ్చినవాళ్లే వస్తారు. ఏం మందు పెడుతుందో ఏమో.

"ఎన్నిసార్లు చూస్తావమ్మా అటు? మెడ పడుతుంది" అంది అత్తయ్య.

"ఎండ ఎటు పడుతోందా అని చూస్తున్నా."

జూన్ 21

సాయంత్రం అయ్యేసరికి దాని షాపులో లైట్లన్నీ వేస్తుంది. అన్నీ! ఎవరున్నారని? నా దాంట్లో ఒక్కటే ట్యూబులైటు, అదీ వెలగనా మాననా అంటుంది.

బల్ల చేసిన వడ్రంగి ఎవరో కనుక్కున్నాను. వెళ్లి చెప్పొచ్చాను. "అలాంటిదే కావాలి. దానికంటే ఒక మూర ఎక్కువ. స్కేలు రెండు పక్కలా."

"మీ గది చిన్నది కదమ్మా" అన్నాడు.

"నా గది సంగతి నాకొదిలెయ్యండి."

జూన్ 24, మంగళవారం

కొట్టాను దెబ్బ!

రైల్వే స్టేషన్ వైపు కొత్త లాడ్జి కట్టారు కదా, ఆ మేడమ్ కారు దిగి సరాసరి పొడుగు షాపులోకి వెళ్లింది. నేను చేతిలో పని ఆపేశాను. పావుగంట. ఆవిడ బయటికి వచ్చేసరికి నేను రోడ్డు మధ్యలో ఉన్నాను. ఎలా వెళ్లానో నాకే తెలీదు, కాళ్లే తీసుకెళ్లాయి.

"మేడమ్, ఎండలో ఉన్నారు, ఒక్క కప్పు టీ తాగి వెళ్లండి" అన్నాను. అత్తయ్య స్టూలు ఖాళీ చేసి ఇచ్చింది, ఇన్నేళ్లలో ఆ మోకాళ్లు చేసిన మొదటి త్యాగం.

పది గదులు. ప్రతి గదికీ పైనుంచి గచ్చు దాకా పెద్ద కిటికీ, కిటికీకి రెండేసి పరదాలు. జూలై పదమూడున ప్రారంభం. పొడుగు ఎంత చెప్పిందో ఆవిడ నోటితోనే చెప్పించాను. దానికంటే తగ్గించాను. అది పదో తారీకు అంటే నేను ఎనిమిది అన్నాను.

"అంత తక్కువలో మీకు గిట్టుతుందా?"

"గుడ్డ పొదుపుగా వాడతాను మేడమ్." కింద మడత సన్నగా వేస్తే గుడ్డ బోలెడు మిగులుతుంది. పొడుగైతే జానెడు మడత పెడితేగానీ దాని చెయ్యి ఆగదు.

అడ్వాన్సు ఇచ్చింది. బల్లకీ గుడ్డకీ సరిగ్గా సరిపోతుంది. ఈ పని బాగా అయితే ఊళ్లో లాడ్జీలన్నీ నావే, కాకపోతే షట్టరు దింపుకోవడమే. అయితే కాకపోవడానికి ఏముంది?

ఆవిడ వెళ్లాక అటు చూశాను. పొడుగు గుమ్మంలో నిలబడి ఉంది. నేను నవ్వాను. అది లోపలికి వెళ్లి లైట్లన్నీ వేసింది. పట్టపగలు!

జూన్ 26

లాడ్జి కిటికీలన్నీ కొలిచాను. ఒక్కొక్కటీ మూడు చోట్ల, ఎడమ, మధ్య, కుడి. కొత్త కట్టడాల్లో గచ్చు ఎప్పుడూ సమంగా ఉండదు, ఒక చోటే కొలిచేవాళ్లు మునిగినట్టే. మేస్త్రీ చూసి, "ఇంత ఓపికగా కొలిచినవాళ్లని చూడలేదమ్మా" అన్నాడు. మెళ్లో టేపు సర్దుకున్నాను. నాన్న ఉంటే బాగుండేది.

జూన్ 30

బల్ల వచ్చింది. షట్టరులోంచి పట్టక అడ్డంగా తిప్పి, నిలువునా లేపి, మా ఆయన వడ్రంగినీ వడ్రంగి మా ఆయన్నీ తిట్టుకుంటూ లోపల పెట్టారు. ఇప్పుడు గదిలో బల్ల ఉంది, బల్ల చుట్టూ పక్కకి తిరిగి నడిస్తే పట్టేంత సందు ఉంది. ఒక మనిషి నిలబడితే ఇంకో మనిషికి చోటు లేదు. అత్తయ్య స్టూలు మెట్ల మీదికి వెళ్లింది.

"ఇది కర్టెన్ల షాపా, బల్లల షాపా?" అంది.

కానీ ఎంత బాగుందో! రెండు పక్కలా స్కేలు తళతళా మెరుస్తోంది. పొడుగు షాపులోంచి కచ్చితంగా కనిపిస్తుంది. తుడిచాను. మళ్లీ తుడిచాను.

జూలై 4, శుక్రవారం

నాలుగు రోజులుగా కోత, కుట్టు. ఇక టేపు పెట్టి నేల మీద పాకడాలు లేవు. అంకె చూడటం, స్కేలు మీద గుడ్డ పరచడం, కత్తెర. ఇరవై పరదాలూ కోసేశాను. పొడుగు ఇలా హాయిగా కోస్తోందన్నమాట ఇన్నాళ్లూ!

కుట్టిన ప్రతి పరదానీ మళ్లీ స్కేలు మీద పరిచి చూశాను. అన్నీ అంకెకి అంకె.

జూలై 6, ఆదివారం

పొట్టి అయ్యాయి.

జూలై 7

నిన్న రాయలేకపోయాను.

మా ఆయన నిచ్చెన ఎక్కి మొదటి గదిలో తగిలించాడు. నేను కింద నిలబడి మడతలు సర్దుతున్నాను. కింద గచ్చు కనిపిస్తోంది. రాడ్డు సరిగ్గా పెట్టలేదేమోనని ఆయన్ని కసిరాను. దించాడు, మళ్లీ పెట్టాడు. రెండు వేళ్ల ఎత్తు. రెండో గదిలో రెండు వేళ్లు. మూడో గదిలోనూ అంతే.

లాడ్జి మేడమ్ వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసింది.

"ఏంటమ్మా ఇది? పిల్లాడికి కిందటేడు ప్యాంటు తొడిగినట్టుంది!"

పనివాళ్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. సరిచేస్తానన్నాను. మడత విప్పి దించుదామంటే ఏముంది అక్కడ? నేనే సన్నగా పెట్టాను కదా, గోరంత కూడా దిగదు.

"గురువారానికి అన్నీ సరిగ్గా ఉండాలి. లేకపోతే మొత్తం తీసేసి మీ ఎదురుషాపావిడకి ఇచ్చేస్తాను. అడ్వాన్సు తిరిగి ఇచ్చెయ్యాలి మీరు."

షట్టరు దించుకోవడం ఒక ఎత్తు. దానికి ఇచ్చేస్తానంది చూశావూ, అది ఇంకో ఎత్తు.

నాన్న టేపు తీసి కిటికీ మళ్లీ కొలిచాను. ముందు ఎంత వచ్చిందో అంతే. షాపుకొచ్చి బల్ల మీద పరదా పరిచాను. అదీ అంతే. కిటికీ అంత, పరదా అంత, మరి మధ్యలో ఆ రెండు వేళ్లు ఎక్కడ్నుంచి వచ్చాయి?

ఇస్త్రీ వేడికి గుడ్డ ముడుచుకుందా? అత్తయ్యే చేసింది ఇస్త్రీ. "నా మీదికి నెట్టకు, ముడుచుకుంటే నీ బల్ల మీద మాత్రం ముడుచుకోదా?" అంది. అదీ నిజమే. గుడ్డ అమ్మినవాడు మోసం చేశాడా? మేస్త్రీ రాత్రికి రాత్రి గచ్చు తవ్వేశాడా?

దాని కళ్లే. రోజూ అక్కడ్నుంచి చూస్తోంది కదా.

జూలై 8, మంగళవారం

వెళ్లాను. దాని షాపులోకి మొదటిసారి.

పరదా ఒకటి చంకలో పెట్టుకుని, టేపు మెళ్లో వేసుకుని, రోడ్డు దాటేటప్పుడు ఏమేం అనాలో అన్నీ వరసగా పేర్చుకున్నాను. గడప దాటగానే వరస పోయింది.

"సంతోషమేనా నీకు?" అన్నాను.

పొడుగు మిషను మీదనుంచి తలెత్తింది. "కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. లాడ్జి పని పాడైంది. పండగ చేసుకో."

"ఎగరేసుకుపోయావుగా, అది కాస్తా ఎగిరి గచ్చుకి అందకుండా పోయిందా?"

"నీకెవరు చెప్పారు?"

"మీ అత్తగారు. పొద్దున టీకి వచ్చింది." ఇదీ నాకెవరూ చెప్పలేదు. పొడుగు లేచి నా చంకలోంచి పరదా లాక్కుంది, అడగను కూడా అడగకుండా, ఎప్పట్లాగే. మడత చూసింది. "కుట్టు శుభ్రంగా ఉంది. ఎంత తక్కువొచ్చింది?"

"రెండు వేళ్లు."

"అన్నీ ఒకటే తక్కువా?"

"అన్నీ."

"దేంతో కోశావు?"

"కత్తెరతో. ఏంటా ప్రశ్న?"

"అది కాదే. దేంతో కొలిచి కోశావు? టేపుతోనా?"

"నాకూ బల్ల ఉంది. స్కేలుంది. రెండు పక్కలా."

పొడుగు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకుంటోందని తెలుస్తూనే ఉంది. ఆగలేక నవ్వేసింది కూడా, ఆ కుట్టుగది అంతా వినిపించే పాత నవ్వు. నాకు ఒళ్లు మండింది. పరదా లాక్కుని వెళ్లిపోబోయాను. అది నా మెళ్లో టేపు పట్టుకుంది.

"ఇటు రా."

టేపు తన స్కేలు మీద పరిచింది. ఈ చివర సున్నా మీద సున్నా పెట్టి బొటనవేలితో నొక్కింది. ఆ చివర నన్ను చూడమంది.

టేపు మీద అరవై. దాని కింద స్టీలు మీద అరవై ఒకటి.

నేను టేపు సవరించి మళ్లీ పెట్టాను. అరవై ఒకటి. తిరగేసి పెట్టాను.

"సాగిపోయిందే. గుడ్డ టేపు కదా, అన్నేళ్లు మెళ్లో వేలాడి, లాగి లాగి సాగింది" అంది పొడుగు. "అరవై ఉన్న చోట యాభైతొమ్మిది చూపిస్తుంది నీకు. దాంతోనే కొలిచి దాంతోనే కోస్తే ఏ గొడవా లేదు, రెండు చోట్లా ఒకటే తప్పు. నువ్వు దాంతో కొలిచి స్టీలుతో కోశావు."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదటి ఏడాది నుంచీ."

నేను సున్నా దగ్గర మళ్లీ వేలు పెట్టి చూశాను.

"లేకపోతే గోడకి రెండు టేపులు వేలాడుతుంటే నీ మెళ్లోది లాక్కోవడం ఏంటి నేను? నాకేమన్నా పిచ్చా?"

"చెప్పొచ్చుగా?"

"చెప్పాను. మీ నాన్న పోయిన ఏడాది. 'ఈ టేపు మార్చెయ్యవే' అన్నా. నువ్వు డబ్బా మూసేసి వెళ్లి దిండు కవర్లకి జిప్పులు కుట్టేవాళ్ల దగ్గర కూర్చున్నావు. వారం మాట్లాడలేదు నాతో. ఇంకెందుకు, పని జరుగుతోంది కదా అని ఊరుకున్నా."

జిప్పులు కుట్టేవాళ్ల దగ్గర కూర్చున్నది గుర్తుంది. ఎందుకు కూర్చున్నానో గుర్తు లేదు. అది అన్నదంతా మొత్తం నమ్మాలని లేదు.

ఏదో ఒకటి అనాలి కదా. చుట్టూ చూశాను. అద్దాల బీరువా పక్కన సంచులు, ఒకదాని మీద ఒకటి, నా భుజం దాకా. పైన ఉన్నది ఆకుపచ్చ గొడుగావిడ సంచి. నేను గుర్తుపట్టాను, ఎన్నిసార్లు చూశానని!

"ఇవేంటి? అన్నీ కొత్త ఆర్డర్లా?" అన్నాను.

పొడుగు మొహం మొదటిసారి మాడింది. "వెనక్కొచ్చినవి."

"ఏంటీ?"

"ఎన్నిసార్లు వింటావు? వెనక్కొచ్చినవి. ఒక పక్క గచ్చుకి ఆనుతోంది, ఇంకో పక్క లేస్తోంది. ఆవిడైతే నాలుగుసార్లు తెచ్చింది. నాకు కొలవడం రాదు. ఎప్పుడొచ్చింది గనక?"

"ఎక్కడ కొలుస్తున్నావు?"

"కిటికీ దగ్గర!"

"ఎన్ని చోట్లే?"

"ఒక చోట. ఎన్ని చోట్ల కొలుస్తారేంటి?"

ఈసారి నేను నవ్వాను. చాలా రోజులైంది అలా నవ్వి. అది కూడా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అటు నుంచి చూస్తూ ఉండేదానివి కదా నువ్వు" అంది. "నువ్వు చూస్తున్నావనే లైట్లన్నీ వేసేదాన్ని. లోపల కూర్చుని ఈ సంచులు విప్పి కుడుతూ."

మాట తోచకపోతే నేను ఊరుకోను, అదీ నా జబ్బు. "బల్లకి స్కేలు ఒక పక్కే పెట్టించావేం? డబ్బులు చాల్లేదా?" అన్నాను.

పొడుగు బల్ల రెండో పక్క అరచేత్తో తుడిచింది. దుమ్మేం లేదు అక్కడ.

"ఈ పక్క టేపు పెట్టుకునేవాళ్లు వస్తారనుకున్నా" అంది. "రాలేదు."

టేపు తీసి మెళ్లో వేసుకుని వచ్చేశాను. పరదా అక్కడే మర్చిపోయాను.

జూలై 9, పొద్దున

టేపు మెళ్లోనే ఉంది. తీసి బల్ల మీద పెడతాను, మళ్లీ వేసుకుంటాను.

ఎంత ఆలోచించినా ఒకటే మండుతోంది. దాని షాపు చూసి కుళ్లుకున్నాను, ఒప్పుకుంటాను. బల్ల చూసి కుళ్లుకున్నాను. సంచులు చూసి కూడా కుళ్లుకున్నాను, అవేంటో తెలీక. ఇప్పుడు చూస్తే, నా మెళ్లో ఉన్న మా నాన్న టేపు గురించి నాకంటే ముందు దానికి తెలుసు. అక్కడ కూడా అదే ముందు! పదకొండేళ్లు రోజూ నా మెళ్లోంచి తీసుకుని, పని చేసుకుని, మళ్లీ నా మెళ్లో వేసేసింది, ఆ ఒక్కసారి తప్ప మాట అనకుండా. నేనైతే అనకుండా ఉండగలనా? ఊరంతా చెప్పేదాన్ని.

అత్తయ్య మెట్ల మీద స్టూలు సర్దుకుంటూ, "పరదా అక్కడ మర్చిపోయావట కదా" అంది.

"అదేమన్నా అందా?"

"ఏమీ అనలేదు. బల్ల మీద పరిచి దాని వంకే చూస్తోంది. కింద ముదురు రంగు అంచు వేస్తే ఎలా ఉంటుందో అని ఒక ముక్క పెట్టి చూస్తోంది."

అంచు! నాకెందుకు తట్టలేదు? నాలుగు వేళ్ల అంచు వేస్తే, కుట్టులో పోయింది పోగా పొడవు సరిపోతుంది, కావాలనే వేసినట్టూ ఉంటుంది. అదీ దానికే తట్టాలా?

మిగిలిన గుడ్డలో ముదురు నీలం తాను ఉంది. ఇరవై పరదాలకీ సరిపోతుంది. కానీ ఈ గదిలో బల్ల చుట్టూ ఒక్కదాన్నే పక్కకి నడుస్తూ రేపటికి ఎలా అవుతుంది? రెండు పక్కలా స్కేలే, టేపు పెట్టే చోటైనా లేదు.

మధ్యాహ్నం

రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. ఇదిగో, ఇది పంపుతున్నాను.

ఏమే పొడుగూ, నీ మెసేజ్‌కి జవాబు ఇంత ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. తీరిక లేక కాదు. షాపు చూశాను, బాగుంది. 'చాలా' పెట్టట్లేదు, అందుకని నమ్ము. లాడ్జివాటికి అంచు వెయ్యాలి, గుడ్డ నా దగ్గరుంది, బల్ల నీది కావాలి. మా ఆయన వ్యానులో ఇరవై పరదాలూ తెచ్చి పడేస్తాడు. లాడ్జి పనిలో సగం నీది. ఆ వెనక్కొచ్చిన సంచులు ఎవరెవరివో చెప్పు, ఆ ఇళ్లకి నేను వెళ్లి కొలుస్తా, మూడేసి చోట్ల. ఆకుపచ్చ గొడుగావిడ ఇంటికే ముందు వెళ్తా, ఆవిణ్ణి దగ్గర్నుంచి చూడాలని ఉంది. టేపు మాత్రం మార్చను. అది నాతోనే వస్తుంది. కోసేటప్పుడు నువ్వు లాక్కోనక్కర్లేదు, నేనే తీసి ఇస్తా. నీలం రంగు చెప్పింది నేనేనని మాత్రం ఒప్పుకోవాలి. బల్లకి స్కేలు లేని వైపు ఇంకెవరికీ ఇవ్వలేదు కదా? అత్తయ్య కూడా స్టూలు పట్టుకుని వస్తానంటోంది. చెప్పు, ఎప్పుడు కలుద్దాం?